కమిటీ తేల్చిన పక్షి

మిట్ట మీది కాలనీ,
మూడో అంతస్తు.

బావగారికి నమస్కారాలు.

మీరూ చెల్లెమ్మగారూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నా మోకాలు తప్ప అందరం కులాసా.

ఒకే ఊళ్లో ఉంటూ వియ్యంకుడికి ఉత్తరం రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో మా ఆవిడ, మీ ఇంట్లో చెల్లెమ్మగారు స్పీకరు పెట్టి మరీ వింటారు. మనం మాట్లాడుకునేది రెండు ముక్కలు, దాని మీద వాళ్ల వ్యాఖ్యానం రెండు రోజులు. ఆఫీసుకి చేద్దామంటే మీ ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టెలో పెట్టించేస్తారు. పోనీ వచ్చి మాట్లాడదామంటే మధ్యలో మీ రన్‌వే అడ్డం. మా మేడ మీంచి మీ కంట్రోల్ టవరు కనిపిస్తూనే ఉంటుంది. గాలిలో కొలిస్తే నాలుగు కిలోమీటర్లు, రోడ్డు మీద చుట్టి రావాలంటే ఇరవై రెండు. నలభై ఏళ్లు భూమి కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి, ఈ లెక్కలో గజం కూడా తేడా రాదు.

ఇక అసలు విషయం. నేను డ్రోన్ కొన్నాను.

మా ఆవిడకి చెప్పలేదు. పాత స్నేహితుడి కొలతల పరికరం, కొన్నాళ్లు దాచమని ఇచ్చాడని చెప్పాను. వెంటనే నమ్మేసింది. అందుకే కాస్త భయంగా ఉంది.

ఎందుకు కొన్నానంటే, వచ్చే నెల పదో తారీఖున మా అమ్మాయీ మీ అబ్బాయీ చిన్నదాన్ని తీసుకుని వస్తున్నారు కదా. దానికి ఏడో నెల వచ్చింది. మోకాలి ఆపరేషన్ వల్ల నేనూ, సెలవు దొరక్క మీరూ ఇంతవరకు మనవరాలిని ఫోన్ తెర మీద తప్ప చూడలేదు. వాళ్ల మూడున్నర విమానం సరిగ్గా మా ఇంటి మీంచే దిగుతుంది. అది దిగుతుండగా గాల్లోంచి వీడియో తీసి దాచిపెట్టి, చిన్నదానికి బుద్ధి తెలిశాక చూపించాలని నా కోరిక. 'ఇదిగో, నువ్వు మొట్టమొదట మా దగ్గరికి వచ్చిన రోజు' అని.

మ్యాపులో మా కాలనీ మొత్తం ఎర్రగా ఉంది. ఎర్రగా ఉన్నచోట డ్రోన్ తనంతట తనే ఎగరనని మొరాయిస్తుంది. షాపువాడికి చెబితే నవ్వి, లాక్ తీసేసి ఇచ్చాడు. అయినా ఆ అనుమతులిచ్చే విభాగానికి మీరే పెద్దగా ఉన్నప్పుడు ఒక మాట అడగడం మర్యాద.

ప్రమాదమేమీ లేదు. విమానాలు మా ఇంటి మీంచి ఏడువందల ముప్పై అడుగుల ఎత్తున పోతాయని మీరే ఒకసారి భోజనాల దగ్గర చెప్పారు. నేను డ్రోన్‌ని నాలుగువందల దగ్గర ఆపేస్తాను. మధ్యలో మూడువందల ముప్పై అడుగుల ఖాళీ. అందులో ఇంకో విమానాన్ని కూడా పట్టించవచ్చు.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ వియ్యంకుడు

*

విమానాశ్రయం,
అనుమతుల విభాగం, గది నంబరు పద్నాలుగు.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. సొంత విషయం కాబట్టి వచ్చిన కాగితాల రిజిస్టరులో ఎక్కించలేదు.

నియమాలు చెప్పడం నా విధి కాబట్టి చెబుతున్నాను. డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎగరేసే మనిషి శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి. రన్‌వే చుట్టూ ఎర్ర వలయంలో అయితే మా విభాగం అనుమతి లేనిదే అడుగు ఎత్తు కూడా లేవకూడదు. అనుమతికి ఫారం మూడు ప్రతులు, డ్రోన్ ఫోటోలు నాలుగు వైపుల నుంచీ, మేడ యజమాని అంగీకార పత్రం. మేడ మీదే అయినా మీకు మీరే అంగీకరిస్తున్నట్టు రాసివ్వాలి.

నిరుడు నూట పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. మూడింటికి అనుమతి ఇచ్చాం, అందులో రెండు మా శాఖవే. ఒకాయన తన ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని ఫోటో తీసుకుంటానని పద్నాలుగు నెలలు తిరిగాడు. ఈలోపల పొగగొట్టం కూల్చేశారు. దరఖాస్తు మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది. బయటివాళ్లకి ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది బావగారూ. అందులో ప్రతి అడుగుకీ ఒక ఫైలు ఉంది.

అయితే ఇదంతా ఊళ్లోవాళ్లకి. వియ్యంకుడి చేత ఫారాలు నింపించానని తెలిస్తే మా ఆవిడ నన్ను బతకనివ్వదు. ఎంత, పది నిమిషాల పని. టవరులో మావాళ్లకి ఒక మాట చెప్పి ఉంచుతాను. నాలుగువందల అడుగులు మాత్రం దాటకండి. మీరు ఎగరెయ్యండి, నేను చూసుకుంటాను.

వీలైతే ఆ వీడియోలో మా టవరు కూడా పడేలా తియ్యండి. నాలుగో అంతస్తులో ఎడమ నుంచి రెండో కిటికీ నాది. మూడున్నరకి కిటికీ దగ్గరే నిలబడి ఉంటాను.

మీ వియ్యంకుడు

*

మిట్ట మీది కాలనీ.

బావగారికి నమస్కారాలు.

పిల్లలు మొన్న క్షేమంగా చేరారు. పదో తారీఖున చేరాల్సినవాళ్లు పదకొండున చేరారు, అంతే తేడా.

మీ విమానాశ్రయం పనితీరు గురించి రాయకుండా ఉండలేను. మూడూ ముప్పై నాలుగుకి విమానం కనిపించింది. మెల్లగా దిగుతూ మా కాలనీ దాకా వచ్చి, ఏమనుకుందో ఏమో, పెద్దగా అరిచి ముక్కు పైకెత్తి వెళ్లిపోయింది. తర్వాత రన్‌వే రెండు గంటలు మూసేశారట. విమానాన్ని పక్క ఊరికి పంపేశారు. ఆ రాత్రికి అక్కడ ఏదో హోటల్లో కుక్కి, మర్నాడు పొద్దున బస్సు ఎక్కించారు. ఏడు గంటల ప్రయాణం. చిన్నది దారిపొడుగునా ఏడ్చిందట. ఇంటికి వచ్చి నా మొహం చూసి మళ్లీ మొదలుపెట్టింది. అల్లుడుగారు చెప్పులు విప్పుతూనే, "మా నాన్న పనిచేసే చోటే మమ్మల్ని దిగనివ్వలేదు చూడండి మామయ్యా" అన్నారు.

డ్రోన్ సంగతి అడుగుతారేమో. ఆ రోజు బ్యాటరీకి చార్జింగ్ సరిగ్గా ఎక్కలేదు. దాన్ని పెట్టెలోంచి తియ్యనే లేదు. అసలు నేను మేడ మీదికే వెళ్లలేదు. విమానాన్ని వంటింటి కిటికీలోంచి చూశాను.

చిన్నది ఇప్పుడు అలవాటు పడింది. మధ్యాహ్నం నా ఒళ్లో తప్ప నిద్రపోవడం లేదు. ఆదివారం మీ ఇంటికి పంపిస్తాం. దానికి మీ ముక్కే వచ్చిందని మా ఆవిడ అంటోంది, నేను ఒప్పుకోలేదు.

మీ వియ్యంకుడు

*

విమానాశ్రయం,
గది నంబరు పద్నాలుగు.

బావగారికి నమస్కారాలు.

చిన్నది వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లింది. ముక్కు నాదే.

మీ వంటింటి కిటికీ తూర్పు వైపు ఉందని నాకు గుర్తు. అందులోంచి పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనిపించదు. రన్‌వే పడమర. అయినా నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. మీరూ ఏమీ చెప్పకండి. నేను అడగకపోవడానికి కారణం ఉంది.

పదో తారీఖు సంఘటన మీద ఐదుగురు సభ్యులతో విచారణ కమిటీ వేశారు. దిగుతున్న విమానం ముందు గాల్లో ఏదో వస్తువు నిలబడి ఉందని పైలట్ రాసిచ్చాడు. డ్రోన్లు మా విభాగం కిందికి వస్తాయి కాబట్టి కమిటీకి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

ఒక సాక్షి కూడా ఉన్నాడు. రన్‌వే మీద పక్షులు వాలకుండా శబ్దపు తుపాకీ పేల్చి తోలే మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు, అందరూ పిట్టలాయన అంటారు. "అది డ్రోనేనండి. పిట్టకి నాలుగు మూలలా రెక్కలు తిరగవండి" అని కమిటీ ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఎటువైపు నుంచి లేచిందని అడిగితే మిట్ట వైపు చెయ్యి చూపించాడు. నేను గబగబా నీళ్లు తాగాను.

మిగతా వివరాలు రహస్యం.

ఒక చిన్న సంగతి. నేను మీకు రాసిన మొదటి ఉత్తరంలో తేదీ తప్పు వేశానని అనుమానంగా ఉంది. తప్పు తేదీతో కాగితం బయట ఉంటే నాకు నిద్ర పట్టదు, ఉద్యోగపు అలవాటు. దాన్ని ఒకసారి పంపితే దిద్ది మళ్లీ పంపుతాను. సాధారణ పోస్టులో వద్దు, రిజిస్టరు చెయ్యండి.

మీ వియ్యంకుడు

*

మిట్ట మీది కాలనీ.

బావగారికి నమస్కారాలు.

మీ మొదటి ఉత్తరం మళ్లీ చూశాను. తేదీ సరిగ్గానే ఉంది. 'మీరు ఎగరెయ్యండి, నేను చూసుకుంటాను' అన్న వాక్యం కూడా స్పష్టంగా ఉంది. మీ చేతిరాత చాలా బాగుంటుంది.

వచ్చిన ప్రతి కాగితాన్నీ నంబరు వేసి ఫైలులో అతికించడం నాకు కొలతల శాఖలో అబ్బిన గుణం. డ్రోన్ బిల్లు నంబరు ఒకటి, అది నంబరు రెండు. బంక గట్టిది, చింపకుండా ఊడదు. నకలు కావాలంటే ఎన్ని కావాలంటే అన్ని తీయించి పంపుతాను. అంతవరకు అది నా దగ్గర భద్రంగా ఉంటుంది. ఈ మాట మీరు మరోలా తీసుకోరని నమ్ముతాను.

కమిటీ సంగతి రాశారు కాబట్టి, తెలిసీ తెలియని మాట ఒకటి. అది పక్షి అయి ఉండవచ్చు కదా. మా మిట్ట మీద గద్దలు బాగా తిరుగుతాయి. గద్ద రెక్కలు కదపకుండా గాల్లో ఒకేచోట నిలబడగలదు, అచ్చం... అచ్చం గద్దలాగే నిలబడుతుంది.

పిల్లలు నిన్న తిరిగి వెళ్లారు. విమానం సమయానికే లేచింది. నేను మేడ మీదికి వెళ్లలేదు. ఈసారి నిజంగానే వెళ్లలేదు.

మీ వియ్యంకుడు

*

విమానాశ్రయం,
గది నంబరు పద్నాలుగు.

బావగారికి నమస్కారాలు.

కమిటీ నాలుగుసార్లు సమావేశమై, పదో తారీఖున గాల్లో కనిపించింది పక్షి అని నలుగురు ఒకవైపు, ఒకరు తటస్థంగా తేల్చింది. తటస్థంగా ఉన్నాయన ఆ సమయంలో నిద్రపోతున్నాడు.

పక్షి అని తేల్చడం తేలికే, ఏ పక్షి అన్న దగ్గరే తంటా వచ్చింది. నేను గద్ద అన్నాను. ఇంజనీరింగు సభ్యుడు కొంగ అన్నాడు. ఆర్థిక విభాగం ఆవిడ గబ్బిలం అంటే, పట్టపగలు గబ్బిలమేమిటని ఇంజనీరు, దారి తప్పి ఉండవచ్చు కదా అని ఆవిడ, ఒక పూటంతా దాని మీదే గడిచిపోయింది. చివరికి 'మధ్యస్థ పరిమాణం గల, గుర్తు తెలియని, ఒంటరి పక్షి' అని రాసుకున్నాం. పైలట్ తన వాంగ్మూలంలో ఒక ఎర్ర దీపం, ఒక ఆకుపచ్చ దీపం మెరిశాయన్నాడు. ఒకటి పక్షి కన్నూ, రెండోది ముక్కూ అయి ఉండవచ్చని సభ్యులు అభిప్రాయపడ్డారు.

కాబట్టి ఇక డ్రోన్ లేదు. అది ఎప్పుడూ లేదు. మీ పెట్టె పెట్టెలోనే ఉంచండి. నంబరు రెండు కూడా ఫైలులోనే ఉండనివ్వండి, అవసరం తీరింది.

ఒక్క చిక్కు మిగిలింది. పక్షి అని తేలాక, దాన్ని రానిచ్చినందుకు ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. పక్షుల్ని తోలే మనిషి ఒక్కడే ఉన్నాడు. పిట్టలాయన్ని సస్పెండ్ చేశాం. ఇంకో ఐదు నెలల్లో రిటైరవ్వాల్సినవాడు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు రాయలేదు. మూడోసారి రాసింది.

అది ఎంత దగ్గరగా వచ్చిందన్న వివరం నివేదికలోంచి తీసేశాం. మీరు కూడా తెలుసుకోకపోవడమే మంచిది.

మీ వియ్యంకుడు

*

మిట్ట మీది కాలనీ,
మేడ మీద కూర్చుని రాస్తున్నాను.

బావగారికి,

నిన్న మధ్యాహ్నం పిట్టలాయన మా ఇంటికి వచ్చాడు.

నా కోసం రాలేదు. నేనెవరో ఆయనకి తెలియదు. చేతిలో కాగితాల కట్ట పట్టుకుని, విమానాలు దిగే దారి కింద ఉన్న ప్రతి ఇంటికీ ఎక్కి దిగుతున్నాడు. మూడు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ, "మీ మేడ మీద గద్ద గూడు ఏదైనా ఉందాండి?" అని అడిగాడు. లేదన్నాను. మంచినీళ్లిచ్చి కూర్చోమన్నాను.

"ముప్పై ఏళ్ల నుంచి పిట్టల్ని తోలుతున్నానండి. ఏది గద్దో ఏది కాదో నాకు తెలీదా? అయినా కమిటీ పెద్దాయన గద్ద అన్నారు. సరేనండి, గద్దయితే దానికి ఎక్కడో గూడుండాలి కదా. ఏ మేడ మీదా గూడు లేదని అందరి చేతా సంతకాలు పెట్టించుకుంటున్నాను. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. మీరు కూడా ఒకటి పెట్టండి బాబూ" అన్నాడు.

కాగితం మీద, 'మా మేడ మీద ఏ పక్షీ లేదు, పదో తారీఖున ఇక్కణ్ణుంచి ఏ పక్షీ లేవలేదు' అని ఉంది. సంతకం పెట్టాను బావగారూ. ఈ మొత్తం వ్యవహారంలో నేను రాసిన మొదటి నిజం అదే.

లేవబోతూ అన్నాడు: "పైలట్‌గారు నాతో సొంతంగా చెప్పారండి, ఎనభై అడుగులేనట తేడా. విమానంలో నూట నలభై మంది. అందులో ఓ చంటిపిల్ల కూడా ఉందట. వాళ్లకేమైనా అయ్యుంటే అని ఒక్కళ్లూ అడగలేదండి. పిట్ట ఏ జాతిదని అడుగుతున్నారు."

ఎనభై అడుగులు అసాధ్యమని నాకు తెలుసు. ఏడువందల ముప్పైలోంచి నాలుగువందలు తీసేస్తే మూడువందల ముప్పై. ఆయన వెళ్లాక పాత పటాలు బయటికి తీశాను. పైలట్ చెప్పింది తప్పని లెక్క కట్టి నిరూపిద్దామని కూర్చున్నాను.

మీ ఏడువందల ముప్పై అడుగులు రన్‌వే మట్టం నుంచి. నా నాలుగువందలు డ్రోన్ లేచిన చోటు నుంచి. డ్రోన్ లేచింది మా మేడ మీంచి. మేడ ఎత్తు నలభై అడుగులు. ఈ మిట్ట రన్‌వే కంటే రెండువందల పది అడుగులు ఎత్తు. ఆ కొలత తీసింది నేనే, ముప్పై రెండేళ్ల కిందట, నా చేత్తో. పటం మూల నా సంతకం కూడా ఉంది. నాలుగువందలూ రెండువందల పదీ నలభయ్యీ కలిపితే ఆరువందల యాభై. ఏడువందల ముప్పైకి ఇంకా ఎంతుందో మీరే చూసుకోండి.

శాఖలో ఎవరు కొలత పట్టుకొచ్చినా 'సున్నా ఎక్కడ పెట్టావు' అని మొట్టమొదట అడిగినవాణ్ణి నేను. దానికోసం ఎంతమంది కుర్రాళ్లని ఏడిపించానో. చివరికి నేనే పప్పులో కాలేశాను. మిట్ట మీద నిలబడి మిట్టని మరిచిపోయాను.

ఎనభై అడుగులంటే మా మేడకి రెండింతలు. చిన్నది నా ఒళ్లో పడుకున్నప్పుడు ఏడున్నర కిలోలు ఉండేది. నిన్నటి నుంచి ఆ బరువు నా చేతులకి తెలుస్తూనే ఉంది.

డ్రోన్ ఎగరేసింది నేనే. మెమరీ కార్డులో నలభై ఒక్క సెకన్ల వీడియో ఉంది. మొదట విమానం ముక్కు, తర్వాత పొట్ట, తర్వాత తోక. చిన్నది మా దగ్గరికి రావడం తీద్దామనుకుని, వెనక్కి వెళ్లిపోవడం తీశాను.

మా ఆవిడకి చెప్పేశాను. పెట్టెలో ఉన్నది డ్రోన్ అని మొదటి రోజే తెలుసట. "మీ వల్ల ఎగరదులే అనుకున్నాను" అంది. ఎనభై అడుగుల సంగతి చెప్పాక లోపలికి వెళ్లి అమ్మాయికి ఫోన్ చేసి, చిన్నది ఏం చేస్తోందని అడిగింది.

సోమవారం మీ ప్రధాన కార్యాలయానికి వచ్చి డ్రోన్, కార్డు, నా వాంగ్మూలం, లెక్క కట్టిన కాగితం ఇచ్చేస్తాను. ఇరవై రెండు కిలోమీటర్లూ చుట్టి వస్తాను. మీ పేరు ఎక్కడా రాయలేదు. నంబరు రెండు దీనితో పంపుతున్నాను. అంచు చిరిగింది, మిగతాదంతా బాగానే ఉంది. మొన్న దాన్ని చూపించి మిమ్మల్ని బెదిరించినందుకు సిగ్గుపడుతున్నాను. తేదీ దిద్దుకుంటారో, పొయ్యిలో పెట్టుకుంటారో మీ ఇష్టం.

పిట్టలాయనకి మాత్రం మెట్లు ఎక్కే పని తప్పించండి. ఇంకా అరవై మేడలు ఉన్నాయి.

మీ వియ్యంకుడు

*

విమానాశ్రయం,
రన్‌వే పక్క షెడ్డు.

బావగారికి నమస్కారాలు.

చిరునామా మారింది చూశారా. మీ ఉత్తరం వచ్చి ఆరు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. జరిగినవి వరసగా చెబుతాను.

మీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తెలుసుకోవద్దని చెప్పినా తెలుసుకున్నారని. ఆ కోపంతోనే ఇంటికి వెళ్లాను. మా ఆవిడ చిన్నదాని ఫోటో ఒకటి పటం కట్టించి, ముక్కు పోలిక తెలియాలని నా ఫోటో పక్కనే తగిలించింది. దాని కింద కూర్చుని అన్నం తినలేకపోయాను. ఎనభై అడుగులని నాకు మొదటి రోజే తెలుసు బావగారూ. తెలిసే పక్షి అని రాశాను. మీరు లెక్క తప్పారు, నేను తప్పలేదు. మన ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో మీకు చెప్పక్కర్లేదు.

మీరు వాంగ్మూలం ఇచ్చాక డ్రోన్ ఉందని శాఖ ఒప్పుకోక తప్పలేదు. కమిటీ ఆ పక్షిని ఎలా కనిపెట్టిందో విచారించడానికి ఇంకో కమిటీ వేశారు. దీనికి ఏడుగురు సభ్యులు. కొంగ అన్న ఇంజనీరు ఇప్పుడు తాను మొదటి నుంచీ డ్రోన్ అనే అంటున్నానంటున్నాడు. నిద్రపోయినాయన ఒక్కడే ఏ తప్పూ చెయ్యనివాడుగా తేలి, ప్రమోషన్ మీద వెళ్లాడు.

పిట్టలాయన్ని గౌరవంగా వెనక్కి తీసుకున్నారు. ఆయన కూడబెట్టిన సంతకాల కట్ట ఫైలులో పెట్టారు. పక్షి అని తేల్చిన కమిటీకి అధ్యక్షుణ్ణి కాబట్టి నన్ను పక్షుల విభాగానికి మార్చారు. అందులో ఉండేది ఇద్దరం. సర్వీసులో ఆయన సీనియరు కాబట్టి నాకు పై అధికారి. మొదటి రోజు ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన శబ్దపు తుపాకీ నా చేతికిచ్చి, "ముందు గద్దేదో కొంగేదో నేర్చుకోండి సార్" అన్నాడు. నేర్చుకుంటున్నాను.

ఇక నంబరు రెండు. మీరు దాన్ని నాకు వదిలేశారు. పొయ్యిలో పెట్టుకోవచ్చన్నారు. ఒక పూటంతా ముందు పెట్టుకుని కూర్చున్నాను. తేదీ సరిగ్గానే ఉంది, మీరన్నట్టు. టవరులో మావాళ్లకి ఒక మాట చెప్పి ఉంచుతానని అందులో రాశాను కదా. చెప్పలేదు. ఆ రోజు మూడున్నరకి కిటికీ దగ్గర దువ్వెనతో జుట్టు సర్దుకుంటున్నాను, వీడియోలో బాగా పడాలని. ఒక్క మాట చెప్పి ఉంటే, వాళ్లు నాకు నాలుగు చీవాట్లు పెట్టి ఎగరెయ్యొద్దని మీకు చెప్పించేవాళ్లు.

అందుకని ఉత్తరాన్ని దిద్దాను. 'మీరు ఎగరెయ్యండి, నేను చూసుకుంటాను' అన్న చోట చివరి మాట కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో 'చూసుకోలేదు' అని రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకం పెట్టి ఏడుగురి కమిటీకి నా చేత్తో ఇచ్చాను.

మీ వియ్యంకుడు

*

మిట్ట మీది కాలనీ.

బావగారికి నమస్కారాలు.

నిన్న పిల్లలు వచ్చారు. విమానం దిగేటప్పుడు రన్‌వే దగ్గర తుపాకీ రెండుసార్లు పేలిందని అల్లుడుగారు చెప్పారు. మీరేనని అనుకుంటున్నాను.

నా సంగతులు. చేసినదానికి శిక్షగా శాఖవారు నన్ను డ్రోన్ శిక్షణకి వెళ్లి తీరాలన్నారు, పూర్తి చేశాను. క్లాసులో అందరూ నా మనవల వయసువాళ్లు. పరీక్ష రెండోసారికి పాసయ్యాను. మొదటిసారి ఎత్తుల ప్రశ్నలో పోయింది. శాఖవారు డ్రోన్ తిరిగిచ్చాక మూడు ప్రతులతో దరఖాస్తు పెట్టాను. మేడ మీద ఎగరేసుకోవడానికి నాకు నేనే అంగీకారం కూడా ఇచ్చుకున్నాను. మీ కుర్చీలోకి కొత్తగా వచ్చినావిడ తొమ్మిది రోజుల్లో తిరస్కరించింది. కారణం ఒకే వాక్యంలో రాసింది: మిట్ట ఎత్తు. చదివి చాలా సంతోషించాను. ఆ కాగితం ఫైలులో అతికించాను, నంబరు తొమ్మిది.

నిన్న మూడున్నరకి మేడ ఎక్కాను. చేతిలో ఏమీ లేదు. మా ఆవిడ కూడా వచ్చింది, నన్ను నమ్మక.

రన్‌వే లెక్కన ఏడువందల ముప్పై అంటే మా మేడ మీద నిలబడ్డవాడికి నాలుగువందల ఎనభై అడుగులే. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటూ, అది ఇంత కిందుగా పోతుందని నేనెప్పుడూ తల ఎత్తి చూడలేదు. ఊరికే కళ్లతో చూసినా కిటికీలు ఒక్కొక్కటీ కనిపించాయి. ఇటువైపు ఇరవై తొమ్మిది లెక్కపెట్టాను. చిన్నది ఏ కిటికీ దగ్గర ఉందో తెలియదు కాబట్టి అన్నిటికీ చెయ్యి ఊపాను.

మీ వియ్యంకుడు